కొత్త టైమింగ్ బెల్ట్ వేశాక క్యామ్ గుర్తు ఒక పన్ను వెనకబడింది, ఇలాగే స్టార్ట్ చేయొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌కి టైమింగ్ బెల్ట్ (కింద పిస్టన్లకి జతైన క్రాంక్‌నీ, పైన వాల్వులని తెరిచే క్యామ్‌నీ కలిపి తిప్పే పళ్ళ బెల్ట్) మార్చారు. బెల్ట్ ఎక్కించేటప్పుడు గుర్తులన్నీ కలిశాయి. టెన్షనర్‌ని (బెల్ట్‌ని బిగువుగా ఉంచే పుల్లీని) వదిలి, క్రాంక్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూస్తే క్రాంక్ గుర్తు ఉండాల్సిన చోటే ఉంది, క్యామ్ గుర్తు మాత్రం దాదాపు ఒక పన్ను వెనకబడింది. బెల్ట్ మీద కంపెనీ వేసిన తెల్ల గీతలు ఎక్కడా కలవడం లేదు. ఇలాగే స్టార్ట్ చేసి చూడొచ్చా, మళ్ళీ విప్పాలా అని అడిగారు.

స్టార్ట్ చేయకండి. విప్పి మళ్ళీ వేయండి. తెల్ల గీతల సంగతి మర్చిపోండి, అవి కలవకపోవడం తప్పు కాదు. క్యామ్ గుర్తు ఒక పన్ను తేడా రావడం మాత్రం తప్పే. కారణం కూడా మీ వర్ణనలోనే ఉంది: బెల్ట్ ఎక్కించినప్పుడు, టెన్షనర్ లేని వైపు కాస్త వదులు మిగిలిపోయింది.

ముందు తెల్ల గీతల సంగతి. అవి మొదటిసారి బెల్ట్ ఎక్కించడానికి మాత్రమే. ఉదాహరణకి క్రాంక్ స్ప్రాకెట్‌కి (పళ్ళ చక్రానికి) 20 పళ్ళు, బెల్ట్‌కి 113 పళ్ళు ఉన్నాయనుకోండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే బెల్ట్ 40 పళ్ళు జరుగుతుంది, అంటే గీతలు ఇంకెక్కడికో పోతాయి. అవి మళ్ళీ మొదటి స్థానానికి రావాలంటే క్రాంక్ 226 చుట్లు తిరగాలి. అందుకని తిప్పిన తర్వాత చూడాల్సినవి స్ప్రాకెట్ల మీది గుర్తులు మాత్రమే, బెల్ట్ మీదివి కావు.

ఇక ఒక పన్ను అంటే ఎంత తేడా? క్యామ్ ఒక చుట్టు తిరిగేసరికి క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి క్యామ్ స్ప్రాకెట్‌కి పళ్ళు రెట్టింపు ఉంటాయి. 20, 40 పళ్ళ జతలో ఒక పన్ను తప్పితే క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. 24, 48 పళ్ళ జత అయితే 15 డిగ్రీలు. ఇది చిన్న తేడా కాదు. క్యామ్ వెనకబడితే ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటుంది, పిస్టన్ పైకి వస్తూ లోపలికి పీల్చిన గాలిలో కొంత వెనక్కి తోసేస్తుంది, కంప్రెషన్ పడిపోతుంది, తక్కువ ఆర్‌పీఎంలో బండి లాగదు, ఐడిల్ వణుకుతుంది. ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్ అయితే, అంటే తెరుచుకున్న వాల్వూ పైకొచ్చిన పిస్టనూ ఒకే చోటికి రాగలిగే డిజైన్ అయితే, వాల్వ్ వంగే ప్రమాదం కూడా ఉంది. ఒక పన్ను తేడాకి చాలా ఇంజిన్లలో తగలదు, కొన్నిటిలో తగులుతుంది. మీ ఇంజిన్ ఏ రకమో ఖాయంగా తెలియకపోతే తగిలే రకమే అనుకుని పని చేయండి.

వదులు ఎటువైపు ఉందన్నదే అసలు విషయం

పుల్లీ వైపు నిలబడి చూస్తే ఎక్కువ ఇంజిన్లు గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే తిరుగుతాయి. క్రాంక్ అలా తిరిగినప్పుడు మీ కుడివైపున ఉన్న బెల్ట్‌ని కిందికి లాగుతుంది. అంటే కుడివైపు ఎప్పుడూ బిగువుగా ఉండే వైపు, ఎడమవైపు వదులు చేరే వైపు. టెన్షనర్‌ని ఎడమవైపు పెట్టేది అందుకే. రెండు క్యామ్‌లున్న ఇంజిన్‌లో కుడి క్యామ్‌ని క్రాంక్ లాగుతుంది, ఎడమ క్యామ్‌ని పైన ఉన్న బెల్ట్ ముక్క ద్వారా కుడి క్యామ్ లాగుతుంది. కాబట్టి క్యామ్‌ల మధ్య ఉన్న ముక్క కూడా బిగువుగా ఉండాలి.

బెల్ట్ ఎక్కించినప్పుడు గుర్తులు కలిసే ఉన్నా, కుడివైపు ముక్కలో ముప్పాతిక పన్నంత వదులు ఉండిపోవచ్చు. కంటికి కనిపించదు. క్రాంక్ తిప్పడం మొదలుపెట్టగానే ముందు ఆ వదులు తీరుతుంది, ఆ తర్వాతే క్యామ్ కదులుతుంది. ఆ కాసేపట్లో క్యామ్ వెనకబడుతుంది. తీరిన వదులు ఎడమవైపుకి చేరి టెన్షనర్ దగ్గర మాయమవుతుంది. మీకు జరిగింది సరిగ్గా ఇదే. క్యామ్ గుర్తు ముందుకి పోకుండా వెనకబడిందని రాశారు కాబట్టి నాకు పెద్ద అనుమానం లేదు.

దీనికి మందు చాలా తేలిక. క్రాంక్ గుర్తు మీద ఉండగా క్యామ్ స్ప్రాకెట్‌ని సరైన పానాతో తిరిగే దిక్కులోనే అర పన్ను నుంచి ఒక పన్ను దాకా ముందుకి జరపండి. క్రాంక్ స్ప్రాకెట్ దగ్గర మొదలుపెట్టి, బెల్ట్‌ని కుడివైపుగా గట్టిగా లాగి పట్టుకుని పైకి తీసుకొచ్చి క్యామ్ మీద కూర్చోబెట్టండి. ఇప్పుడు క్యామ్‌ని నెమ్మదిగా వెనక్కి, గుర్తు దగ్గరికి తీసుకురండి. కుడివైపు ముక్క తీగలా బిగుసుకోవాలి. వేలితో నొక్కి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. గుర్తు దగ్గరికి వచ్చేసరికి బిగువు రాకపోతే ఒక పన్ను మార్చి మళ్ళీ వేయాలి. బిగువు వచ్చి క్యామ్ గుర్తు దాకా రాలేకపోతే అవతలి వైపుకి ఒక పన్ను. రెండు క్యామ్‌లుంటే రెండోదానికీ ఇదే పద్ధతి. ఆ తర్వాత వాటర్ పంప్, ఐడ్లర్ (బెల్ట్‌కి దారి చూపే పుల్లీ), అన్నిటికన్నా ఆఖరున టెన్షనర్.

ఇక్కడ ఒక హెచ్చరిక. హోండా పాత బీ, డీ సిరీస్ ఇంజిన్లు పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారానికి వ్యతిరేక దిక్కులో తిరుగుతాయి. అలాంటి ఇంజిన్‌కి పైన చెప్పిన కుడి, ఎడమలు తారుమారు చేసుకోవాలి. తిరిగే దిక్కు తెలియకుండా క్రాంక్ మీద పానా పెట్టకండి.

ఏ గుర్తు నమ్మాలి?

క్రాంక్ దగ్గర రెండు చోట్ల గుర్తులుంటాయి. ఒకటి బయట కనిపించే పెద్ద పుల్లీ మీద, రెండోది దాని వెనక ఉండే పళ్ళ స్ప్రాకెట్ మీద. బెల్ట్ వేయడానికి నమ్మాల్సింది స్ప్రాకెట్ గుర్తునే, అది ఆయిల్ పంప్ బాడీ మీద ఉన్న గీతకో ముక్కుకో ఎదురుగా రావాలి. పెద్ద పుల్లీలో లోపలి భాగానికీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది. ఏళ్ళు గడిచాక ఆ రబ్బరు ఊడి బయటి రింగు జారితే గుర్తు కూడా దానితో పాటే జారుతుంది. పైగా పుల్లీ మీద ఒకటి కన్నా ఎక్కువ గీతలుంటాయి. హోండాలో తెల్ల గీత టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైన ఉండే స్థానానికి), ఎర్ర గీత ఇగ్నిషన్ టైమింగ్‌కి. ఎర్ర గీతని పట్టుకుని బెల్ట్ వేస్తే మొదటి నుంచీ తప్పే.

అన్ని ఇంజిన్లలోనూ బెల్ట్ గుర్తు అంటే టీడీసీయే అనుకోకూడదు. సుబారు ఈజే ఇంజిన్ దీనికి మంచి ఉదాహరణ. దాని క్రాంక్ స్ప్రాకెట్ మీద కొట్టొచ్చినట్టు ఒక బాణం గుర్తు ఉంటుంది, వెనక అంచున ఉన్న పంటి మీద ఒక సన్నని గీత ఉంటుంది. బెల్ట్‌కి కావలసింది ఆ సన్నని గీత. అది ఎదురుగా వచ్చినప్పుడు పిస్టన్లన్నీ సిలిండర్ మధ్యలో ఉంటాయి. బాణాన్ని కలిపి బెల్ట్ వేసి వాల్వులు వంచుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మీ ఇంజిన్ కోడ్ చూసుకుని దాని మాన్యువల్లో బొమ్మ తీసి, ఏ గుర్తు దేనికో రూఢి చేసుకున్నాకే పాత బెల్ట్ మీద చేయి వేయాలి.

ప్లగ్ తీసి, రంధ్రంలో కడ్డీ పెట్టి టీడీసీ పట్టుకుంటామని కొందరు రాస్తుంటారు. దగ్గర్లో ఉన్నామని తెలుసుకోవడానికి సరే, సెట్ చేయడానికి పనికిరాదు. 80 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న ఇంజిన్‌లో టీడీసీకి 5 డిగ్రీల ఇటో అటో పిస్టన్ కదిలేది మహా అయితే 0.2 మిల్లీమీటర్లు. కడ్డీ మీద అది తెలియదు. గుర్తులు చెరిగిపోయిన ఇంజిన్‌కి తప్పనిసరైతే డయల్ గేజ్ వాడండి. పిస్టన్ టీడీసీకి ముందు ఒక ఎత్తులో ఉన్నప్పుడు పుల్లీ మీద ఒక గీత గీయండి, టీడీసీ దాటాక సరిగ్గా అదే ఎత్తుకి దిగినప్పుడు ఇంకో గీత గీయండి. రెండింటికీ నడిమి బిందువే టీడీసీ.

ఇంకో గందరగోళం కూడా తరచూ చూస్తుంటాను. "క్రాంక్ కంప్రెషన్ టీడీసీలో ఉందా, ఎగ్జాస్ట్ టీడీసీలో ఉందా" అని బెల్ట్ తీసేశాక కంగారు పడతారు. బెల్ట్ లేనప్పుడు క్రాంక్‌కి ఆ తేడాయే లేదు, ఏ స్ట్రోక్ అన్నది నిర్ణయించేది క్యామ్. క్రాంక్ గుర్తూ క్యామ్ గుర్తూ రెండూ కలిస్తే చాలు. బెల్ట్ తీయకముందు మాత్రం గమనించాలి. క్రాంక్ గుర్తు వచ్చి క్యామ్ గుర్తు కనిపించకపోతే ఇంకొక పూర్తి చుట్టు తిప్పాలి.

పాత బెల్ట్ ఇంకా ఉండగానే చేయాల్సినవి

మీరు ఆ దశ దాటేశారు, కానీ ఇది చదివే మిగతావాళ్ళకి పనికొస్తుంది. పాత బెల్ట్ మీదే ఇంజిన్‌ని గుర్తుల దగ్గరికి తెచ్చి ఫోటో తీయండి, కెమెరా స్ప్రాకెట్‌కి నిటారుగా ఎదురుగా ఉండాలి. పక్కనుంచి చూస్తే కోణం వల్ల అర పన్ను తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. తర్వాత పాత బెల్ట్ మీద, స్ప్రాకెట్ల మీద పెయింట్ పెన్‌తో గీతలు గీయండి. బెల్ట్ తీశాక ఆ గీతల మధ్య పళ్ళు లెక్కపెట్టి అవే గీతలు కొత్త బెల్ట్ మీద వేసుకోవచ్చు. ఇది మంచి అడ్డుతనిఖీయే కానీ ఒక షరతు ఉంది: పాత బెల్ట్ సరిగ్గా ఉండి ఉంటేనే. అంతకుముందు ఎవరైనా తప్పు వేసి ఉంటే ఆ తప్పు కొత్త బెల్ట్‌కి వారసత్వంగా వస్తుంది. అందుకే గీతలు సాయానికి, గుర్తులు తీర్పుకి.

ప్లగ్గులన్నీ తీసేయండి. కంప్రెషన్ లేకపోతే క్రాంక్ చేతికింద మెత్తగా తిరుగుతుంది, సరిగ్గా గుర్తు దగ్గర ఆపగలుగుతారు. ఎక్కడైనా గట్టిగా ఇనుముకి ఇనుము తగిలినట్టు ఆగితే అది కూడా వెంటనే తెలుస్తుంది. అలా ఆగితే బలం పెట్టకండి. అది పిస్టన్ వాల్వ్‌కి ఆనుతున్న చోటు. కొద్దిగా వెనక్కి తిప్పి, ఎందుకు తగిలిందో చూడాలి. బ్యాటరీ వైరు కూడా తీసి పక్కన పెట్టండి.

క్రాంక్ బోల్టు చాలా బిగుతుగా ఉంటుంది. దాన్ని వదులు చేయడానికి స్టార్టర్‌ని తిప్పే పద్ధతి వద్దు. ఫ్లైవీల్‌ని లాక్ చేసే పనిముట్టు వాడండి. క్యామ్ లాకింగ్ పిన్నులూ, టైమింగ్ పిన్నులూ స్థానం చూపించడానికే ఉన్నాయి, బోల్టు బిగించే బలాన్ని ఆపడానికి కాదు. వాటిని ఆధారం చేసుకుని బోల్టు లాగితే పిన్ను వంగుతుంది, లేకపోతే క్యామ్ చివర ఉన్న గాడి విరుగుతుంది.

బెల్ట్ తీయగానే కొన్ని ఇంజిన్లలో క్యామ్ దానంతటదే ఠపీమని తిరుగుతుంది. వాల్వ్ స్ప్రింగులు క్యామ్ ముక్కుని తోస్తుంటాయి కాబట్టి. వీ6 డబుల్ క్యామ్ ఇంజిన్లలో ఇది మరీ ఎక్కువ. లాకింగ్ పనిముట్టు ఉంటే ముందే పెట్టండి. ఒకవేళ తిరిగిపోతే, లేదా ఏ కారణానికైనా బెల్ట్ లేకుండా క్యామ్‌ని ఎక్కువ తిప్పాల్సి వస్తే, నాలుగు సిలిండర్ల వరుస ఇంజిన్‌లో ముందు క్రాంక్‌ని టీడీసీ నుంచి 90 డిగ్రీలు వెనక్కి తిప్పండి. అప్పుడు నాలుగు పిస్టన్లూ మధ్యలోకి వస్తాయి, వాల్వులకి చోటు దొరుకుతుంది. క్యామ్‌ని గుర్తు దగ్గరికి తెచ్చి పట్టుకుని, ఆ తర్వాతే క్రాంక్‌ని అదే దారిలో తిరిగి టీడీసీకి తీసుకురావాలి.

స్ప్రాకెట్‌కి కీ లేని ఇంజిన్లు

పైన చెప్పిందంతా స్ప్రాకెట్ క్యామ్ మీద ఒకే స్థానంలో కూర్చునే ఇంజిన్లకి. కొన్నిటిలో ఆ స్థానాన్ని పట్టి ఉంచే కీ అనే చిన్న ఇనుప ముక్క ఉండదు, స్ప్రాకెట్ కేవలం బోల్టు బిగువు మీద నిలబడుతుంది. ఫోర్డ్ సిగ్మా ఇంజిన్ అలాంటిదే. అక్కడ క్రాంక్ పుల్లీకి కూడా కీ లేదు. వీటికి స్ప్రాకెట్ మీది గుర్తులు వెతకడం దండగ. క్యామ్‌ల వెనక చివర ఉన్న గాడిలో పలక దూర్చి క్యామ్‌లని లాక్ చేయాలి, బ్లాక్‌లో టైమింగ్ పిన్ను మరతో బిగించి క్రాంక్‌ని దానికి మెత్తగా ఆనించాలి, క్యామ్ స్ప్రాకెట్ బోల్టులు వదులుగా ఉంచి బెల్ట్ వేసి టెన్షన్ ఇవ్వాలి, ఆ తర్వాతే స్ప్రాకెట్ బోల్టులు బిగించాలి. బిగించేటప్పుడు స్ప్రాకెట్‌ని వేరే పనిముట్టుతో పట్టుకోవాలి. ఈ పద్ధతిలో వదులు సమస్య పుట్టదు, ఎందుకంటే బెల్ట్ బిగిశాకే స్ప్రాకెట్ తన స్థానాన్ని ఎంచుకుంటుంది. కాకపోతే అసలు పనిముట్టు లేకుండా పెయింట్ గీతలతో ఇది చేస్తే ఎన్ని డిగ్రీలు తప్పిందో ఎవరికీ తెలియదు. పనిముట్టు లేకపోతే ఈ ఇంజిన్ మొదలుపెట్టవద్దని నా గట్టి సలహా.

వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (ఇంజిన్ నడుస్తుండగానే వాల్వులు తెరిచే సమయాన్ని మార్చే ఏర్పాటు) ఉన్న క్యామ్ స్ప్రాకెట్‌లో ఇంకో మెలిక ఉంది. దాని లోపలి యంత్రం పార్కింగ్ స్థానంలో లాక్ అయ్యి ఉండాలి, ఇన్‌టేక్‌కి అది మామూలుగా పూర్తి ఆలస్యపు స్థానం. లాక్ కాకపోతే బయటి పళ్ళ గుర్తు కలిసినా లోపల క్యామ్ వేరే చోట ఉంటుంది. స్ప్రాకెట్‌ని చేత్తో ఇటూ అటూ కదిపి చూస్తే లాక్ అయ్యిందో లేదో తెలుస్తుంది.

బెల్ట్ తిప్పే మిగతా వస్తువులు

వాటర్ పంప్‌కి టైమింగ్ లేదు, ఎలా తిరిగినా ఒకటే. మిగతావాటికి మాత్రం ఉండవచ్చు. పాత ఫోక్స్‌వ్యాగన్ ఈఏ827 ఇంజిన్లలో బెల్ట్ ఒక ఇంటర్మీడియట్ షాఫ్ట్‌ని కూడా తిప్పుతుంది, ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్ దాని మీదే నడుస్తుంది. అది తప్పితే వాల్వులకి ఏమీ కాదు, ఇగ్నిషన్ టైమింగ్ తప్పిపోతుంది. క్యామ్ మీద నడిచే డిస్ట్రిబ్యూటర్ ఉన్నా సరే, బెల్ట్ మార్చాక టైమింగ్ లైట్‌తో ఇగ్నిషన్ ఒకసారి చూడాల్సిందే. వాల్వ్ టైమింగ్ తప్పును డిస్ట్రిబ్యూటర్ తిప్పి సరిచేయడం కుదరదు. ఐడిల్ కాస్త కుదిరినట్టు అనిపిస్తుంది అంతే, తప్పు అలాగే ఉంటుంది.

డీజిల్‌లో రోటరీ ఇంజెక్షన్ పంప్ ఉంటే దాని గుర్తు క్యామ్ గుర్తంత ముఖ్యం. కామన్ రైల్ పంప్ ప్రెషర్ మాత్రమే ఇస్తుంది కాబట్టి చాలావాటికి టైమింగ్ అవసరం లేదు. అయినా కొందరు తయారీదారులు దానికీ గుర్తు ఇస్తారు, ఇస్తే కలపండి.

మిత్సుబిషి 4జీ63 లాంటి బ్యాలెన్స్ షాఫ్ట్ (ఇంజిన్ వణుకు తగ్గించే షాఫ్ట్) ఉన్న ఇంజిన్ల మీద పనిచేసేవాళ్ళు ఇది తప్పక తెలుసుకోవాలి. ఆయిల్ పంప్ స్ప్రాకెట్ గుర్తు కలిసినా, దాని వెనక ఉన్న బ్యాలెన్స్ షాఫ్ట్ తలకిందులుగా ఉండవచ్చు. బ్లాక్ పక్కన ఉన్న ప్లగ్ విప్పి 8 మిల్లీమీటర్ల స్క్రూడ్రైవర్ దూర్చి చూడాలి. 60 మిల్లీమీటర్లు లోపలికి పోతే సరైన స్థానం. 20, 25 మిల్లీమీటర్ల దగ్గరే ఆగితే స్ప్రాకెట్‌ని ఒక పూర్తి చుట్టు తిప్పి మళ్ళీ గుర్తు కలిపి చూడాలి. బెల్ట్ వేసే దాకా స్క్రూడ్రైవర్‌ని అక్కడే ఉంచండి. ఇది తప్పితే ఇంజిన్ బాగానే నడుస్తుంది కానీ వేగం పెరిగేకొద్దీ బండి మొత్తం వణుకుతుంది, కారణం ఇంజిన్ మౌంట్లలో వెతుకుతూ కూర్చుంటారు.

టెన్షన్

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే ఇవ్వాలి. వేడెక్కితే బ్లాకూ హెడ్డూ వ్యాకోచించి స్ప్రాకెట్ల మధ్య దూరం పెరుగుతుంది, బెల్ట్ ఇంకా బిగుస్తుంది. వేడి ఇంజిన్ మీద సరిపెట్టిన బెల్ట్ చల్లారాక వదులవుతుంది.

టెన్షనర్ ఏ రకమో బట్టి పద్ధతి మారుతుంది. స్ప్రింగ్ ఉండి బోల్టుతో బిగించే పాత రకంలో, బోల్టు వదులు చేసి, స్ప్రింగ్‌ని దాని పని అది చేసుకోనిచ్చి, క్రాంక్‌ని మాన్యువల్ చెప్పినంత తిప్పి, అప్పుడు బిగిస్తారు. హోండా డీ సిరీస్‌లో క్రాంక్‌ని అయిదారు చుట్లు తిప్పి బెల్ట్‌ని కూర్చోబెట్టి, గుర్తు దగ్గరికి తెచ్చి, బోల్టు వదులు చేసి, క్యామ్ స్ప్రాకెట్ మూడు పళ్ళు జరిగేంత ముందుకి తిప్పి బోల్టు బిగించాలి. ఆ మూడు పళ్ళ కదలికే బిగువు వైపు నుంచి వదులంతా టెన్షనర్ వైపుకి తోసేస్తుంది. ఆ అడుగు వదిలేస్తే మీకొచ్చిన సమస్యే వస్తుంది.

ముల్లు, గాడి ఉండే రకంలో ఇరుసుని మాన్యువల్ చెప్పిన దిక్కులోనే తిప్పాలి. రెండు దిక్కుల్లోనూ ముల్లు గాడికి ఎదురుగా రావచ్చు, కానీ ఒకటే సరైనది. వెనక ఉన్న కొక్కెం హెడ్‌లోని గాడిలో కూర్చుందో లేదో బిగించే ముందు వేలితో తడిమి చూడండి. అది కూర్చోకుండా బిగిస్తే కొద్ది కాలానికే టెన్షనర్ ఊడుతుంది.

హైడ్రాలిక్ రకాన్ని వైస్‌లో నిలువుగా పెట్టి చాలా నెమ్మదిగా నొక్కాలి. తొందరపడితే లోపలి సీల్ పోతుంది. పిన్ను గుచ్చి బిగించి, గుర్తులు చూసుకున్నాకే పిన్ను లాగాలి.

వేళ్ళతో బెల్ట్‌ని 90 డిగ్రీలు మెలిపెట్టి బిగువు చూసే పద్ధతి చేత్తో సరిచేసే టెన్షనర్ ఉన్న కొన్ని పాత ఇంజిన్లకి మాత్రమే. ఆటోమేటిక్ టెన్షనర్‌కి అది వర్తించదు. బిగువు ఎక్కువైతే ఈల లాంటి కూత వస్తుంది, వాటర్ పంప్ బేరింగ్ తొందరగా పోతుంది. తక్కువైతే బెల్ట్ కవర్‌కి కొట్టుకుంటుంది, ఒకరోజు స్టార్ట్ చేసేటప్పుడు పన్ను దాటుతుంది.

కొత్త బెల్ట్‌ని చేతిలో మడవకండి, లోపలిది బయటికి తిప్పకండి, పెట్టెలోంచి తీసి చిన్న చుట్టగా చుట్టకండి. లోపల బలమిచ్చేది గాజు నార తాళ్ళు. ఒక్కసారి గట్టిగా మడిస్తే విరుగుతాయి, బయటికి ఏమీ కనిపించదు. స్ప్రాకెట్ మీదకి ఎక్కట్లేదని స్క్రూడ్రైవర్‌తో తోయడమూ అంతే. నూనె గానీ కూలెంట్ గానీ తగిలిన బెల్ట్ వేయకండి. సీల్ కారుతుంటే ముందు సీల్ మార్చండి.

రెండు చుట్ల పరీక్ష

టెన్షన్ ఇచ్చాక క్రాంక్‌ని చేత్తో, తిరిగే దిక్కులోనే, నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. గుర్తు దాటిపోతే వెనక్కి తేకండి. వెనక్కి తిప్పితే వదులు మళ్ళీ బిగువు వైపుకి చేరి గుర్తులు అబద్ధం చెబుతాయి. ఇంకో రెండు చుట్లు ముందుకే తిప్పి గుర్తు దగ్గర ఆపండి. క్రాంక్, క్యామ్, ఉంటే మూడో గుర్తు, టెన్షనర్ ముల్లు, అన్నీ ఒకేసారి సరిగ్గా ఉండాలి. నేనైతే ఇంకో రెండు చుట్లు తిప్పి రెండోసారి కూడా చూడమంటాను. రెండుసార్లూ ఒకటే వస్తేనే కవర్ వేయాలి.

అర పన్ను తేడా కనిపిస్తే? ముందు నిటారుగా చూస్తున్నారో లేదో సరిచూసుకోండి. పాత ఫోటోలో కూడా అంతే తేడా ఉందా చూడండి. తర్వాత ఒక పన్ను ఇటు మార్చి, అటు మార్చి రెండూ చూడండి. రెండువైపులా తేడా పెరిగితే ఇప్పుడున్నదే ఆ ఇంజిన్‌కి దగ్గరి స్థానం. హెడ్ కోయించిన ఇంజిన్లలో స్ప్రాకెట్ల మధ్య దూరం తగ్గడం వల్ల కొద్దిపాటి తేడా ఉండిపోతుంది. ఒక పూర్తి పన్ను తేడా మాత్రం ఏ వాదనతోనూ ఒప్పుకోకండి.

కోణం కొలతతో బిగించే బోల్టులు సాగుతాయి, వాటిని కొత్తవి వేయాలి. టార్క్ అంకెలు మీ ఇంజిన్ కోడ్ మాన్యువల్ నుంచే తీసుకోండి, అదే కంపెనీ ఇంకో ఇంజిన్ అంకె కూడా పనికిరాదు. ముఖ్యంగా కీ లేని క్రాంక్ పుల్లీకి ఆ బిగువే టైమింగ్‌ని పట్టి ఉంచేది.

స్టార్ట్ చేశాక ఇంజిన్ లైట్ వెలిగి పి0016 లేదా పి0017 కోడ్ వస్తే క్రాంక్, క్యామ్ సెన్సర్ల లెక్క పొసగడం లేదని అర్థం. బెల్ట్ పని చేసిన వెంటనే వస్తే సెన్సర్ మార్చే ముందు గుర్తులు చూడండి. వాక్యూమ్ గేజ్ ఉంటే ఇంకా తేలిక: మంచి ఇంజిన్ ఐడిల్‌లో పాదరసం లెక్కలో 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. ముల్లు వణకకుండా 15 కన్నా కిందే నిలబడి ఉంటే వాల్వ్ టైమింగ్ ఆలస్యమైందేమోనని మొదట అనుమానించాలి.

ఇది మీరు చదివేలోపే ఒకసారి స్టార్ట్ చేసి ఉంటే, విప్పి టైమింగ్ సరిచేసి, నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ చూడండి. నాలుగూ దగ్గర దగ్గరగా వస్తే వాల్వులకి ఏమీ కాలేదు. ఒకటో రెండో సున్నాకి దగ్గరగా వస్తే ఆ సిలిండర్‌కి గాలి ఎక్కించి లీక్‌డౌన్ పరీక్ష చేయండి. గాలి ఇన్‌టేక్ గొట్టంలోనో సైలెన్సర్‌లోనో బుస్సుమంటే వాల్వ్ వంగినట్టే, హెడ్ దించాలి.